మారుమనస్సు ఒక్కరోజు పని కాదు: సంఘంలో నేను తరచూ వినే అపోహలు

"నేను మారుమనస్సు పొంది ఇరవై రెండేళ్లయింది అయ్యగారూ." సాక్ష్యం చెప్పేటప్పుడు మనవాళ్లు పాపం విడిచి దేవుని వైపు తిరిగిన ఆ రోజును నెల, తేదీతో సహా చెబుతారు. మంచిదే. కానీ ఆ తర్వాతి ఇరవై రెండేళ్ల గురించి ఒక్క మాటా రాకపోతేనే పాస్టరుగా నాకు టెన్షన్.

అపోహ: మారుమనస్సు బాప్తిస్మానికి ముందు పని. తర్వాత అక్కర్లేదు.

వాస్తవం: బైబిల్లో చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాలు తీయండి. ఆసియాలోని (ఇప్పటి టర్కీ ప్రాంతం) ఏడు సంఘాలకు రాసిన మాటలున్నాయి. వాటిలో ఐదింటికి మారుమనస్సు పొందమనే చెప్పారు. స్ముర్న, ఫిలదెల్ఫియ సంఘాలకు మాత్రమే ఆ మాట లేదు. ఇవన్నీ అప్పటికే నమ్మినవాళ్లకు రాసినవి. 1517లో జర్మనీకి చెందిన సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 95 ప్రతిపాదనల్లో మొట్టమొదటిది కూడా ఇదే: విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా సాగాలన్నదే ప్రభువు ఉద్దేశం.

అపోహ: బాగా ఏడిస్తే పశ్చాత్తాపపడినట్టే.

ఉజ్జీవ కూటాల్లో ఆఖరి రాత్రి, కీబోర్డు మెల్లగా మోగుతుంటే ఏడవనివాళ్లు తక్కువ. నేనూ ఏడ్చాను. ఇక్కడ మన తెలుగు బైబిలు మంచి సాయం చేస్తుంది. మత్తయి 4లో యేసు ప్రకటించింది "మారుమనస్సు పొందుడి" అని. 27వ అధ్యాయంలో, యేసును అప్పగించిన శిష్యుడు యూదా గురించి రాసింది "పశ్చాత్తాపపడి" అని. గ్రీకులోనూ అవి వేర్వేరు మాటలే. యూదా బాధపడ్డాడు, ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చాడు, పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. కానీ వెళ్లింది యాజకుల దగ్గరికి, ఆ తర్వాత ఉరికి. యేసు ఎవరో తెలియదని బొంకిన శిష్యుడు పేతురు కూడా ఆ రాత్రి ఏడ్చినవాడే. కొన్నాళ్లకు యేసు ఒడ్డున ఉన్నాడని వినగానే, పడవ చేరేదాకా ఆగలేక నీళ్లలోకి దూకాడు. బాధ ఇద్దరిదీ నిజమే, ముఖం తిరిగిన దిక్కే వేరు.

అపోహ: దేవునితో చెప్పుకున్నాక మనుషులతో పనిలేదు.

ఇది నా సంగతే చెబుతాను. నాన్నగారి ఇంటి అద్దె విషయంలో తమ్ముడితో మాట పెరిగింది. నాలుగు నెలలు ఫోన్లు లేవు. ఆ నాలుగు నెలలూ ప్రభువు బల్ల (యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే రొట్టె, ద్రాక్షరసాల ఆచారం) దగ్గర నిలబడి రొట్టె విరుస్తూనే ఉన్నాను. ఒక శనివారం రాత్రి, మర్నాటి ప్రభువు బల్లకు గిన్నెలు తుడుస్తుంటే చెయ్యి ఆడలేదు. ఫోన్ చేశాను.

"చెప్పన్నయ్యా" అన్నాడు, ఏమీ జరగనట్టే.

"తప్పు నాదిరా" అనడానికి నాకు చాలాసేపు పట్టింది. వాడి వాటా ఆ వారంలోనే పంపాను. బైబిల్లో సంఖ్యాకాండం 5 ప్రకారం, తప్పుగా తీసుకున్న అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. యేసును కలిశాక మారిన సుంకరి జక్కయ్య అయితే, అన్యాయంగా తీసుకున్నదానికి ఏకంగా నాలుగంతలన్నాడు. నాకు అసలు తీసేసరికే ప్రాణం పోయినంత పనైంది.

అపోహ: మళ్లీ అదే పాపం చేస్తే, మొదటి పశ్చాత్తాపం దొంగది.

కాదు. రోజుకు ఏడుసార్లు వచ్చి అడిగినా సహోదరుణ్ణి క్షమించమన్నది (లూకా 17) యేసే కదా.

అపోహ: "మా పాపాలన్నీ క్షమించు ప్రభువా" అంటే చాలు.

ఈ హోల్‌సేల్ ఒప్పుకోలుతో గుచ్చుకునేదేమీ ఉండదు. రాత్రి పడుకునే ముందు ఒక్కటైనా పేరుపెట్టి చెప్పమంటాను. మా సంఘంలో ఒక పెద్దావిడ, కోడలి కూరలో ఉప్పు లేదని పక్కింట్లో చెప్పినందుకు ఓ రాత్రి ప్రార్థన చేసుకుంది. పొద్దున్నే మళ్లీ అదే గుమ్మం ఎక్కి, "కూర బాగానే ఉందమ్మా, నా నోరే బాగోలేదు" అని చెప్పి వచ్చింది.