హసన్‌పర్తి నుంచి కరీంనగర్‌కు రైలు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న హనుమకొండ నుంచి హుజూరాబాద్ దాకా బస్సులో నిలబడే వచ్చారు. "తాతయ్యా, కరీంనగర్‌కు తిన్నగా రైలెందుకు లేదు?" అని చిన్నది అడిగింది. ఆ రొదలో సరిగా చెప్పలేకపోయాను.

ఇప్పుడు రైలులో పోవాలంటే కాజీపేట నుంచి పెద్దపల్లి దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. హసన్‌పర్తి నుంచి హుజూరాబాద్ మీదుగా సుమారు 60 కిలోమీటర్ల లైను పడితే ఆ చుట్టుతిరుగుడు తప్పుతుంది. ఈ ప్రతిపాదన పాతదే. సర్వే అనగానే రైలు వచ్చేసిందనుకుంటారు మనవాళ్లు. సర్వేలో దారి కొలుస్తారు, వాగులు ఎన్ని దాటాలో చూస్తారు, పెట్టిన డబ్బుకు రాబడి ఎంతో లెక్క కడతారు. ఆ లెక్కలో మన టికెట్టు డబ్బులు తక్కువ. బొగ్గు, బియ్యం, సిమెంటు మోసే గూడ్సు బండ్ల సంపాదనే ప్యాసింజర్ బండ్లను కాస్తుంది. అందుకే కరీంనగర్ గ్రానైటు, ధాన్యం ఈ లైనుకు మనుషులంత ముఖ్యం.

మంజూరయ్యాక కూడా ఏటేటా బడ్జెట్లో డబ్బు పడాలి. పెద్దపల్లి–నిజామాబాద్ లైను మన పి.వి. ప్రధానిగా ఉండగా 1993లో మొదలై, పూర్తి దూరం రైలు నడిచేసరికి 2017 వచ్చింది. పని మొదలైన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి 24 ఏళ్లు నిండాయి! మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు రాష్ట్రం భూమి ఉచితంగా ఇచ్చి, ఖర్చులో మూడో వంతు భరిస్తానంది. 2006-07లో మంజూరైన ఆ లైను మీద సిద్దిపేటకు రైలు వచ్చింది 2023 అక్టోబరులో. కేంద్రం, రాష్ట్రం కలిసి మోసినా ఇంత కాలం పట్టింది. అయినా ఆ పద్ధతే మనకూ మేలని నా నమ్మకం. రాష్ట్రం తన డబ్బు పెట్టిన పనిని అంత తేలిగ్గా మరచిపోదు.

భూమి సంగతి మాత్రం మరచిపోకండి. నాకు తెలిసిన ఒక రైతు పొలంలో ఎర్ర రంగు పూసిన సర్వే రాయి పాతారు. ఆయన చాలాసేపు దాని పక్కనే నిలబడ్డాడు. బావి ఇటు, మడి అటు అయ్యాయి. పరిహారం పోయిన గుంటలకే లెక్కకట్టారు. మిగిలిన మడికి నీళ్లు ఎలా పారాలో ఎవరూ అడగలేదు. మన లైనుకు డబ్బు లెక్కలు వేసేటప్పుడు అలాంటి బావుల లెక్క కూడా వేయాలి.

ఫిబ్రవరిలో బడ్జెట్ వచ్చాక పేపరులో మన లైనుకు ఎంత రాశారో వెతికి, నాకు ఫోను చేయండి.

మీ తాతయ్య,
హనుమకొండ