మందు మానేసిన మూడో రోజు ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

తాగుడు ఒళ్లు పాడుచేస్తుందని చెబితే కాదనేవాళ్లు ఎవరూ లేరు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే అది కూడా ప్రాణం మీదికి రావచ్చన్న సంగతి మాత్రం చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు. కార్తీకంలో మాల వేసుకుని, రెండో రోజు ఫిట్స్‌తోనో మూడో రోజు మతి తప్పిన మాటలతోనో ఆస్పత్రికి వచ్చేవాళ్లను చూస్తే ఇది అర్థమవుతుంది. తాగేవాళ్ల నోట, ఇంట్లోవాళ్ల నోట మళ్లీ మళ్లీ వినిపించే మాటలు తీసుకుని ఒక్కోదానికి జవాబు రాస్తున్నాం. ఇదంతా మందు గురించే. గంజాయి, ఇంజెక్షన్ల లెక్క వేరు.

“రోజుకో క్వార్టరే. బీరైతే అసలు లెక్కే కాదు”

క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని రాసి ఉంటుంది. ఆ లెక్కన ఒక్క క్వార్టర్‌లో అసలు ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు, అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులు ఆరు. ఏడున్నర శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 38 గ్రాములు ఉంటుంది. చల్లగా తాగినా అది దాదాపు నాలుగు పెగ్గులే. లివర్ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల్ని మాత్రమే కరిగించగలదు. రాత్రి పదింటికి క్వార్టర్ ముగించి తెల్లారి ఐదింటికి బండి తీసేవాడి రక్తంలో మందు ఇంకా ఉండొచ్చు. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఆ వేగాన్ని పెంచలేవు.

ఖరీదైన బ్రాండ్ అయితే ఏమీ కాదన్నది కూడా ఇలాంటి మాటే. సీసా ధర ఎంతైనా లోపల ఉన్నది అదే ఆల్కహాల్. క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. ఇంత వరకు తాగితే ప్రమాదం లేదని చెప్పదగ్గ మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

“మాల వేసుకుంటే అదే పోతుంది”

దీక్షను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 41 రోజులు ‘స్వామి’ అని పిలిపించుకునే మనిషి ముందు ఎవరూ గ్లాసు పెట్టరు, ఒక్క పెగ్గేనంటూ బలవంతం చేయరు. ఆ రక్షణ ఏ మాత్రా ఇవ్వలేదు. చిక్కు మొదటి నాలుగైదు రోజుల్లోనే.

మందు మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు దానికి ఎదురు నిలవడానికి తన ఉద్రేక వ్యవస్థను పెంచుకుంటూ పోతుంది, శాంతపరిచే వ్యవస్థను తగ్గించుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకానికి అడ్డు ఉండదు. ఆఖరి పెగ్గు పడిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. అంతకుముందెప్పుడూ ఫిట్స్ లేనివాళ్లకు కూడా వస్తాయి.

అందరూ ఏమరుపాటుగా ఉండేది ఆ తర్వాతే. 48 నుంచి 96 గంటల మధ్య కొందరిలో డెలీరియం వస్తుంది. పగలో రాత్రో తెలియదు, కూతుర్ని చూసి అక్క అంటారు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, దుప్పటి మీద లేని దారాలు ఏరుతుంటారు. చేసే పని తాలూకు కదలికలూ కనిపిస్తాయి. ఆటో డ్రైవర్ మంచం మీద కూర్చుని హ్యాండిల్ తిప్పుతుంటాడు, దర్జీ కనపడని సూదిలోకి దారం ఎక్కిస్తుంటాడు. దీన్నే చాలాచోట్ల గాలి సోకిందనో, ఏదో పూనిందనో అనుకుని తాయెత్తు కట్టిస్తారు. ఒళ్లు కాలిపోయే జ్వరం, నాడి వేగం, ఒంట్లో నీరు ఆరిపోవడం కలిసి, చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. దీక్షలో చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం తోడైతే నీరసం మరింత పెరుగుతుంది.

కాలు విరిగో, కడుపు నొప్పితోనో ఆస్పత్రిలో చేరినవాళ్లకూ ఇదే జరుగుతుంది. అక్కడా మందు ఆగిపోతుంది కదా. ఆపరేషన్ బాగానే అవుతుంది, మూడో రోజు రాత్రి మనిషి సెలైన్ పీకేసి పరుగు తీస్తాడు. చేరేటప్పుడే “రోజూ ఇంత తాగుతాడు, ఆఖరిసారి ఫలానా పూట తాగాడు” అని డాక్టరుకు చెప్పి ఉంటే చాలా వరకు ముందే అడ్డుకోవచ్చు. పరువు కోసం దాచే మాట ఇది కానే కాదు.

పొద్దున లేవగానే చెయ్యి వణికేవాళ్లు, ఆ వణుకు ఆపుకోవడానికి తాగేవాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. మాల వేసుకోవడానికి పది రోజుల ముందే డాక్టర్ని కలవండి. మెదడును శాంతపరిచే క్లోర్‌డయాజిపాక్సైడ్ లేదా డయాజిపామ్ మాత్రలు మొదటి రోజు తగినంత ఇచ్చి, రోజు రోజుకీ తగ్గిస్తూ వారం, పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ దెబ్బతిన్నవాళ్లకు లోరాజిపామ్ ఎంచుకుంటారు. ఇవి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు కావు. మద్యంతో కలిస్తే శ్వాస ఆగే ప్రమాదం ఉంది, ఆపకుండా వాడితే వాటికే అలవాటు పడతారు.

ఇంట్లో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి, నీళ్లు పోయకండి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఒక మాట మిగిలింది. 41 రోజులు ఆపగలిగాడు కాబట్టి బానిస కాదన్న వాదన నిలవదు. మాల తీసిన రోజే పాత మోతాదు పట్టించేవాళ్లు ఉన్నారు. అప్పటికి ఒంటికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది, అదే క్వార్టర్ ముందుకన్నా గట్టిగా కొడుతుంది.

“నీరసంగా ఉన్నాడు, ఓ గ్లూకోజు ఎక్కించండి”

తాగేవాడి కడుపు సరిగా తిండి చూడదు, తిన్నదాంట్లోని బి1 విటమిన్ పేగుల్లో సరిగా ఇంకదు. దాని పేరు థయమిన్. గ్లూకోజును వాడుకోవాలంటే మెదడుకు ఇది తప్పనిసరి. నిల్వలు అడుగంటిన మనిషికి థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న ఆ కాస్తా ఖర్చయిపోయి వెర్నికే అనే మెదడు జబ్బు బయటపడొచ్చు. నడక తూలడం, చూపు నిలవకపోవడం, అయోమయం దాని గుర్తులు. నడక తూలుతుంటే ‘ఇంకా దిగలేదు’ అనుకుని వదిలేస్తారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు: పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు, ఆ ఖాళీలో తోచింది కల్పించి చెబుతాడు.

అందుకే ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాత గ్లూకోజు. ఊళ్లో సెలైన్ పెట్టించుకునేటప్పుడు “బి1 ఇంజెక్షన్ ముందే ఇచ్చారా?” అని అడగండి. బి కాంప్లెక్స్ మాత్ర దీనికి చాలదు.

“తాగకపోతే నిద్ర పట్టదు, టెన్షన్ పోదు”

పెగ్గు నిద్రలోకి నెడుతుంది, నిజమే. కలలొచ్చే దశను అణచివేస్తుంది, అర్ధరాత్రి దాటాక నిద్రను ముక్కలు చేస్తుంది. రెండింటికో మూడింటికో మెలకువ, దడ, తెల్లారేసరికి చిరాకు. ఆ చిరాకే సాయంత్రం మళ్లీ షాపు దాకా నడిపిస్తుంది. టెన్షన్‌లో కొంత భాగం, రాత్రి ఎక్కిన మందు దిగుతున్నప్పుడు మెదడు పడే పాట్లే.

దిగులు విషయంలో వరస తారుమారు అవుతుంది. దిగులుంది కాబట్టి తాగుతున్నాననేవాళ్లలో చాలామందికి మానేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో దిగులు తగ్గిపోతుంది. తగ్గకపోతే అది విడిగా ఉన్న జబ్బు, దానికి వేరే చికిత్స కావాలి. చనిపోవాలన్న మాట వస్తే మాత్రం వారాలు ఆగకూడదు. తాగిన మత్తులో అన్నాడని కొట్టిపారేయడం పెద్ద పొరపాటు, మత్తులోనే తొందరపాటు ఎక్కువ.

భార్యను అనుమానించడం ఇంకో లక్షణం. ఫోన్ వెతకడం, పాలవాడితో మాట్లాడినా నిలదీయడం, తాగనప్పుడు కూడా అదే పట్టు మీద ఉండటం. ఇది గుణం కాదు, జబ్బు స్థాయికి చేరిన భ్రమ కావచ్చు. కొట్టడం దాకా వస్తే ముందు ఆవిడ భద్రత, తర్వాతే ఆయన చికిత్స.

“లివర్ టెస్టు నార్మల్ వచ్చింది”

లివర్ చాలా వరకు చెడ్డా రిపోర్టు మామూలుగా ఉండొచ్చు. మొదట పట్టే కొవ్వు, మానేస్తే కొన్ని వారాల్లో కరుగుతుంది. లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్‌లో పడ్డ మచ్చలు మాత్రం పూర్తిగా వెనక్కి పోవడం అరుదు.

“కల్లు చలవ, ఒంటికి మంచిది”

చెట్టు నుంచి దించిన కల్లు సంగతి వేరు. చెట్లు తక్కువగా ఉన్నచోట, పట్నం దుకాణాల్లో అమ్మేదాంట్లో ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం తెలంగాణలో పాత సమస్య. తాగేవాడు కల్లుకు అలవాటు పడ్డాననుకుంటాడు, నిజానికి మత్తు మాత్రకు పడ్డాడు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరుకు ఆగిపోయినప్పుడు ఫిట్స్, పిచ్చి చేష్టలతో జనం ఆస్పత్రుల ముందు బారులు తీరారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఉన్నారు. కల్లు తాగే అలవాటుంటే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. “మందు ముట్టడు” అంటే ఆయన వేరే జబ్బు వెతుకుతూ కూర్చుంటారు.

“తెలియకుండా కూరలో మాత్ర కలిపేస్తే సరి”

ఆ మాత్ర సాధారణంగా డైసల్ఫిరామ్. ఇది మందు మీద కోరికను చంపదు. మందు కరిగేటప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్‌ను ఒంట్లోనే పేరుకునేలా చేస్తుంది. దాంతో ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బుంటే ప్రాణాంతకం కావచ్చు. తెలిసి వేసుకునేవాడు ఆ భయంతో గ్లాసు ముట్టడు, తెలియనివాడు మామూలుగానే తాగి కూలబడతాడు. ఆఖరి పెగ్గు తర్వాత కనీసం 12 గంటలు గడవందే మొదలు పెట్టకూడదు, ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. లోపల ఏముందో చెప్పని పొడులు, పసర్లకూ ఇదే హెచ్చరిక.

కోరికను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ ఉన్నాయి. లివర్ జబ్బున్నవాళ్లకు కొన్నిసార్లు బాక్లోఫెన్ ఇస్తారు. ఇవి నెలల తరబడి వాడాలి. రెండు వారాలకే “బాగైపోయాడు” అని ఆపేయడం వల్లే చాలామంది మళ్లీ మొదలుపెడతారు.

“సెంటర్లో పడేస్తే దారికొస్తాడు”

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఖాళీలోనే తాళం వేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లు పుట్టుకొస్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాన్ని మానసిక రుగ్మతల్లో చేర్చింది, గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చేర్చే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి. రిజిస్ట్రేషన్ ఉందా? మొదటి వారం రాత్రిళ్లు డాక్టర్ అందుబాటులో ఉంటారా? థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారా? రెండో రోజు వెళ్లి చూడనిస్తారా? ఒక్కదానికి నసిగినా వేరే చోటు చూసుకోండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాలు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. వ్యసన విముక్తికి 14446, మానసిక ఇబ్బందికి టెలి మానస్ 14416, రెండూ ఉచితమే. ఇంట్లోవాళ్లు కూడా మాట్లాడొచ్చు, తాగే మనిషే చేయాలని లేదు.