సత్యం కథలో అసలు మలుపు ఉత్తరం కాదు, డిసెంబరు 16

ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపించేవాళ్ల) కుటుంబ కంపెనీలతో లిస్టెడ్ కంపెనీలు చేసుకునే లావాదేవీల మీద మళ్లీ వాదన మొదలైంది. అలాంటి లావాదేవీ 1,000 కోట్ల రూపాయలు, లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది తక్కువైతే అది దాటగానే వాటాదారుల అనుమతి తీసుకోవాలన్నది పాత నిబంధన. పెద్ద కంపెనీలకు ఈ హద్దును 5,000 కోట్ల దాకా పెంచేందుకు 2025 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బోర్డు ఒప్పుకుంది. మామూలు ఒప్పందాలకు కూడా ఓటింగ్ పెడితే వ్యాపారం సాగదని కంపెనీలు అంటున్నాయి. చిన్న ఇన్వెస్టర్ల భయం అర్థం కావాలంటే 2008 నాటి హైదరాబాద్‌కు వెళ్లాలి.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం అనగానే అందరికీ, దొంగ లెక్కలు చూపానని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న దాని వ్యవస్థాపకుడు రామలింగరాజు రాసిన ఉత్తరమే గుర్తొస్తుంది. కానీ కుటుంబ పెత్తనం కంపెనీని ఏం చేయగలదో అంతకు మూడు వారాల ముందే తేలిపోయింది.

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు రియల్ ఎస్టేట్ కంపెనీ మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, నిర్మాణ కంపెనీ మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను కొనాలని తీర్మానించింది. ధర 160 కోట్ల డాలర్లు. రెండూ రాజు కొడుకుల చేతుల్లో ఉన్న కంపెనీలే. సత్యం పేరును ఇంగ్లిషులో వెనక నుంచి చదివితే మేటాస్ అవుతుంది, అంటే బంధుత్వాన్ని దాచిందేమీ లేదు.

ఇక్కడ వాటాల లెక్క చూడాలి. సత్యంలో కుటుంబానికి అప్పటికి మిగిలింది 8.6 శాతం. మేటాస్ కంపెనీల్లో ఒక్కోదాంట్లో సుమారు 35 శాతం. అంటే సత్యం ఖజానా నుంచి పోయే ప్రతి వంద రూపాయల్లో తొంభైకి పైగా బయటివాళ్లవి. మేటాస్ వాటాదారులకు వచ్చే డబ్బులో సుమారు మూడో వంతు కుటుంబానిది. సొంత వాటా ఎక్కువగా ఉన్న కుటుంబం కంపెనీని కంటికి రెప్పలా చూసుకుంటుందంటారు, అది చాలాచోట్ల నిజమే. వాటా కరిగిపోయినా పెత్తనం అలాగే ఉండిపోతేనే ప్రమాదం. సత్యంలో జరిగింది అదే.

బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు. ప్రశ్నలు వచ్చాయి గానీ తీర్మానం ఆగలేదు. వాటాదారుల ఓటు అవసరం లేదని యాజమాన్యం చెప్పింది. ఆ రాత్రి న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో సత్యం షేరు సగానికి పైగా పడిపోయింది. తెల్లారేసరికి డీల్ రద్దు. ఓటు అడగనివాళ్లకు ఇన్వెస్టర్లు అమ్మకాలతో జవాబిచ్చారు.

లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ డీల్ అని రాజు తన ఉత్తరంలో రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవు. ఇన్వెస్టర్లు ఆ రాత్రి నోరు మూసుకుని ఉంటే ఈ బొక్క ఇంకెన్నాళ్లు కప్పబడి ఉండేదో!

ఆ చేదు అనుభవం తర్వాతే 2013 కంపెనీల చట్టం, ఆ మరుసటి ఏడాది సెబీ నిబంధనలు వచ్చాయి. పెద్ద లావాదేవీలపై ఓటింగ్‌లో సంబంధం ఉన్నవాళ్లు ఓటేయకూడదన్నాయి. కొత్త హద్దుల ప్రకారం లక్ష కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీ, ప్రమోటర్ బంధువుల సంస్థతో 4,000 కోట్ల ఒప్పందం చేసుకోవాలన్నా వాటాదారులను అడగనక్కర్లేదు. బోర్డులో లెక్కలు చూసే ఆడిట్ కమిటీలోని స్వతంత్ర డైరెక్టర్లు (ప్రమోటర్లతో సంబంధం లేనివాళ్లు) సరేనంటే చాలు. డిసెంబరు 16న సత్యం బోర్డు బల్ల దగ్గరా స్వతంత్ర డైరెక్టర్లే ఎక్కువమంది ఉన్నారు.