మేడ మీది అత్తకు షుగర్ ఎందుకు వచ్చింది

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి,

తిరుపతి నుంచి నాయనమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మీరు ఇక్కడున్నప్పుడు, మేడ మీది గదిలో అద్దెకుండే అత్త మాత్ర వేసుకుంటుంటే చూసి, "కాస్త తక్కువ తింటే సన్నబడుతుంది కదా, షుగరూ పోతుంది" అన్నావు చిన్నీ. ఆమె విని నవ్వేసింది. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. అప్పుడే నీకు నాలుగు మాటలు చెప్పవలసింది, మీ రైలుకు వేళయిపోయింది.

ఆమెది బస్టాండు దగ్గరి లాడ్జీలో గదులు శుభ్రం చేసే పని. కొండకు వచ్చేవారికి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి ఒకరు గది ఖాళీ చేస్తే తెల్లవారుజామున మరొకరు దిగుతారు. అందుకని ఆమెకు ఒక వారం పగటి పని, ఒక వారం రాత్రి పని. పొద్దున టిఫిను తినే తీరిక లేదు. నీరసం వచ్చినప్పుడల్లా చక్కెర దట్టించిన టీ, దానిలో ముంచుకోవడానికి ఒక బన్ను. అన్నం ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం మూడు. రాత్రి భర్త, పిల్లలు తిన్నాక గిన్నెలో మిగిలినదే ఆమె భోజనం. అన్నం, చారు మిగులుతాయి. కూర, గుడ్డు మిగలవు. పప్పు మిగిలితే ఆ రోజు పండగ. ఆరు గంటలు వరుసగా నిద్రపోయిన రోజు ఎప్పుడని అడిగితే ఆమెకు గుర్తు రాలేదు. నిద్ర చెడితే ఆకలి పెరుగుతుంది, ఒంట్లో ఇన్సులిన్ పని మందగిస్తుంది. రాత్రీ పగలూ మారే పనులు చేసేవారికి షుగర్ ముప్పు ఎక్కువని ఎన్నో దేశాల్లో పరిశీలించి తేల్చారు.

ఇన్సులిన్ అంటే ఏమిటని బుజ్జి అడుగుతుంది, నాకు తెలుసు. ఏళ్ళ తరబడి చౌకధరల దుకాణం నడిపినదాన్ని, నాకు వచ్చిన భాషలో చెబుతాను. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. దాన్ని బియ్యం కోసం దుకాణం ముందు వరుస కట్టిన జనం అనుకోండి. ఒంట్లోని కణాలే ఆ దుకాణం. తలుపు తీసి ఒక్కొక్కరినీ లోపలికి పంపేది క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్. పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఆ తలుపు బిగుసుకుపోతుంది. క్లోమం మరింత ఇన్సులిన్‌ను పంపి, పంపి, కొన్నేళ్ళకు చేతులెత్తేస్తుంది. బయట వరుస వీధి మలుపు దాటుతుంది. అదే షుగర్. దీనికి మనిషి భారీగా ఉండనక్కరలేదు. మనవాళ్ళలో కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రమే పెరిగినవారికీ వస్తుంది. అందుకే మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుమును డాక్టర్లు హెచ్చరికగా తీసుకుంటారు.

దుకాణం మాట వచ్చింది కనుక బియ్యం సంగతీ చెప్పాలి. నా చిన్నతనంలో మా ఊళ్ళో వరి అన్నం పండగనాటి తిండి. మామూలు రోజుల్లో రాగి సంగటి, ఏదో ఒక ఆకుకూర, కాలమైతే అనపగింజల పులుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక రోజూ అన్నం వండుకోగలిగాం. ఆ బియ్యాన్ని ఎవరైనా తప్పుపడితే నాకు కోపం వస్తుంది, ఆకలి ఎలా ఉంటుందో చూసినదాన్ని. కానీ నా దుకాణానికి బియ్యం వచ్చినంత క్రమంగా కందిపప్పు ఏనాడూ రాలేదు. కూరగాయలు, పండ్లు, పాలు ఎలాగూ బజారు ధరకే. సంచిలో పది కిలోల బియ్యం ఉండి చేతిలో ఇరవై రూపాయలు ఉన్న మనిషి పళ్ళెంలో ఏది ఎక్కువ ఉంటుందో లెక్క వేయడానికి మీ చదువు చాలు. తమాషా ఏమిటంటే, ఇప్పుడు సంగటి హోటళ్ళకు ఎక్కింది. నాటుకోడి పులుసుతో కలిపి వాళ్ళు చెప్పే ధర వింటే మా అమ్మ నమ్మేది కాదు. సంగటి మందేమీ కాదు, అదీ పిండి పదార్థమే. అది తిన్నవారు సాయంత్రం దాకా చేలో వంగి పనిచేసేవారు, తేడా అక్కడ కూడా ఉంది.

షుగర్ డబ్బున్నవారి జబ్బని మా కాలంలో అనుకునేవారు. కొంత నిజమే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. అయితే అదే సర్వేలో భాగంగా 2017లో వచ్చిన చండీగఢ్ లెక్క చూడండి. ఆ నగరంలో పేదవారిలో 26.9 శాతం మందికి షుగర్ ఉంటే, ఉన్నవారిలో 12.9 శాతానికే ఉంది. సంపన్న నగరాల్లో జబ్బు చేతులు మారుతోంది.

అమెరికాలో ఇంకా గట్టి రుజువు దొరికింది. 1994 నుంచి 1998 దాకా అక్కడి ప్రభుత్వం అయిదు నగరాల్లో, పేదల కాలనీల్లో ఉండే కుటుంబాలకు లాటరీ తీసింది. కొందరికి కాస్త మెరుగైన పేటలో ఇల్లు అద్దెకు తీసుకునే సాయం దక్కింది, కొందరికి దక్కలేదు. పదేళ్ళు దాటాక ఆ ఆడవారిని పరీక్షిస్తే, సాయం దక్కినవారిలో తీవ్రమైన ఊబకాయం ఉన్నవారూ, షుగర్ ఉన్నవారూ నూటికి నలుగురికి పైగా తక్కువ. వారికి ఎవరూ పథ్యం చెప్పలేదు చిన్నీ. పేట మారింది, అంతే.

మన పేట సంగతి చూడు. తాతయ్యతో కలిసి తెల్లవారి అలిపిరి వైపు వెళ్ళినప్పుడు, నడక కోసం కార్లలో వచ్చేవారిని లెక్కపెట్టి నవ్వావు గుర్తుందా? మన అత్త అదే వేళకు రాత్రి పని ముగించుకుని, వీధి కుక్కలకు భయపడి, షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికి వస్తుంది.

ఇక జబ్బు ఖర్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రలు ఉచితమే. వరుసలో నిలబడితే పూట గడిచిపోతుంది, ఆ పూట కూలి పోతుంది. అందుకని ఆమె రెండు నెలలు వెళ్ళలేదు. మాత్రలు అయిపోయిన సంగతి దాచింది కూడా. మొన్న నేనే మన గ్లూకోమీటరుతో పరగడుపున చూస్తే 212. 126 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ అంటారు. తాతయ్య స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళి, వరుసలో తానే నిలబడ్డారు. పగటి పని మాత్రమే ఇమ్మని లాడ్జీలో అడిగింది, ఇంకా తేల్చలేదు.

దసరాకు వచ్చేటప్పుడు మీ అమ్మ కుట్టుమిషను డబ్బాలోని టేపు మరచిపోకుండా తీసుకురండి. తాతయ్య నడుము కొలవాలి. తొంభై దాటలేదని వాదిస్తున్నారు, చొక్కా గుండీలు మాత్రం నా పక్షానే ఉన్నాయి.

ప్రేమతో,
నాయనమ్మ