తడి గరిటె పడిన జాడీ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ నెదర్లాండ్స్‌లో సింటర్‌క్లాస్ పండుగకు వచ్చే ముసలి బిషప్పు సేవకుడు పీట్ గురించి నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను తల్లీ. "మా బడిలోని పాత ఫోటోల్లో పీట్ ముఖమంతా నల్లగా ఉంది తాతయ్యా. ఇప్పుడు బుగ్గల మీద మసి చారలే ఉంటున్నాయి. ఎందుకు మార్చారు? పక్కింటి బామ్మగారు పాత పీటే అసలైనవాడు అంటున్నారు" అన్నావు. మూడు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

మా అమ్మ ఆవకాయ జాడీ దగ్గరికి మమ్మల్ని రానిచ్చేది కాదు. తడి తగిలితే బూజు పడుతుందని భయం. ఒక ఏడాది ఎవరో తడి గరిటె పెట్టారు. వారం తిరగకుండా పైన తెల్లటి పొర కట్టింది. అమ్మ జాడీని పారబోయలేదు. అలాగని "ఏమీ కాదు, తినండి" అనీ అనలేదు. పొర తీసేసి, పాడైన ముక్కలు ఏరి, ఉప్పు కలిపి, నూనె కాచి చల్లార్చి పోసింది. ఉగాది దాకా ఆ ఆవకాయే తిన్నాం.

మీ ఊళ్ళో సింటర్‌క్లాస్ పండుగ అలాంటి జాడీయే. ఎర్ర అంగీ ముసలి బిషప్పు, తెల్ల గుర్రం, దానికోసం మీరు బూటులో పెట్టే క్యారెట్టు, డిసెంబరు 5 రాత్రి కానుకలు, ఇదంతా మంచి ఊరగాయ. 1850లో అందులో తడి గరిటె పడింది. ఆమ్‌స్టర్‌డామ్ బడిపంతులు యాన్ స్హెంక్‌మన్ ఆ ఏడు పిల్లల కోసం ఒక పుస్తకం రాశాడు. అందులో బిషప్పు స్పెయిన్ నుంచి ఆవిరి పడవలో వస్తాడు, వెంట ఒక నల్లజాతి సేవకుడు ఉంటాడు. ఆ సేవకుడికి పేరైనా పెట్టలేదు, పీట్ అన్న పేరు తర్వాత వచ్చింది. అప్పటికి నెదర్లాండ్స్ ఏలుతున్న, దక్షిణ అమెరికాలోని సురినామ్ తోటల్లో ఆఫ్రికా మనుషులు ఇంకా బానిసలే. 1863 జులై 1న గాని అక్కడ బానిసత్వం రద్దు కాలేదు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు, కరువు రోజుల్లో, మన కోరమండల్ తీరంలో కూడా డచ్చివారు మనుషులను కొని ఓడల్లో బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, తరలించారు. అందుకే ఈ కథ నాకు పరాయిదిగా తోచదు.

పీట్ పొగగొట్టంలోంచి దిగుతాడు కనుక నల్లబడ్డాడని పెద్దలు చెబుతారు. కట్టెల పొయ్యి దగ్గర పెరిగినవాణ్ణి, మసి సంగతి నాకు తెలుసు. ముక్కుకు అంటుతుంది, చెంపకు, మోచేతికి అంటుతుంది. పెదవులను ఎర్రగా, లావుగా చేయదు. జుట్టును ఉంగరాలు తిప్పదు. చెవులకు బంగారు పోగులు తగిలించదు.

మా బడి వార్షికోత్సవానికి ఏటా కృష్ణలీలలు ఆడించేవారు. నా పక్కన కూర్చునే స్నేహితుడు పద్యం బ్రహ్మాండంగా పాడేవాడు. ఒళ్ళు నలుపు. అందుకని వాడికి ఎప్పుడూ రాక్షసుడి వేషమే, ఆ పైన బొగ్గు పొడి. కృష్ణుడు నల్లనివాడని పాఠం చెప్పిన మాస్టారే పచ్చని పిల్లవాణ్ణి ఏరి, నీలం రంగు పూసి, పింఛం పెట్టేవారు. మా వాడు కోరలతో రాగానే అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. ఒక ఏడు నాటకం అయ్యాక బావి దగ్గర వాడు ముఖం కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. "రంగు పోయిందిరా" అన్నాను. వాడు రుద్దుతూనే ఉన్నాడు.

ఇక్కడ నా జాడీ పోలిక చాలదు తల్లీ. బూజు పడితే జాడీకి నొప్పి ఉండదు.

మీ దేశంలో ఈ మార్పు ఊరికే రాలేదు. 2011లో డోర్డ్రెక్ట్ పట్టణంలో సింటర్‌క్లాస్ ఊరేగింపు చూడటానికి వచ్చినవారిలో కొందరు "నల్ల పీట్ అంటే జాతి వివక్ష" అని రాసిన చొక్కాలు తొడుక్కున్నారు. వారిని పోలీసులు పట్టుకుపోయారు. 2019కి టీవీలో చూపే జాతీయ ఊరేగింపులోనే మసి చారల పీట్లు వచ్చారు. పీట్ నల్లనివాడే, నేనేం చేయగలనని అంతకుముందు అన్న అప్పటి ప్రధాని మార్క్ రుట్టె, చిన్నపిల్లల బాధ విన్నాక తన ఆలోచన మారిందని 2020 జూన్‌లో చెప్పారు. అలా చెప్పడం పెద్దవాళ్ళకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన మీద గౌరవం కలిగింది.

బామ్మగారి మీద కోపం తెచ్చుకోకు. చిన్నప్పుడు పీట్ చల్లితే ఆవిడ దోసిట్లో పడిన తీపి బిళ్ళల రుచీ, ఆ నల్లరంగు ముఖమూ ఆవిడ మనసులో ఒక్కటిగా అతుక్కుపోయాయి. విడదీయడానికి సమయం పడుతుంది. ఒకరోజు ఆవిడ దగ్గర కూర్చుని చిన్ననాటి పండుగ కబుర్లు చెప్పించుకో.

ఈ నవంబరులో పడవ వచ్చినప్పుడు రేవుకు వెళ్ళు. కాసేపు పీట్‌ను చూసి, తర్వాత వెనక్కి తిరిగి పిల్లల ముఖాలు చూడు. నీ తరగతిలో సురినామ్ కుటుంబం పిల్ల ఉందన్నావు కదా, ఆ పిల్ల పక్కనే నిలబడు. బిళ్ళలు చల్లేటప్పుడు తన ముఖం ఎలా ఉందో నాకు రాయి. తమ్ముడికి నాలుగు బిళ్ళలు జేబులో వేసుకోవడం మరిచిపోకు.

మీ తాతయ్య