తాయ్ నిన్ – కూ చీ ఒకరోజు యాత్ర: అపోహలు, వాస్తవాలు

వియత్నాంలోని హో చి మిన్ నగరానికి వెళ్ళే మనవాళ్ళలో చాలామంది, అక్కడ గడిపే మూడు నాలుగు రోజుల్లో ఒకదాన్ని తాయ్ నిన్‌లోని కావ్ దాయ్ అనే మతపు మహామందిరానికీ, యుద్ధకాలంలో కమ్యూనిస్టు గెరిల్లాలు తవ్విన కూ చీ సొరంగాలకూ కేటాయిస్తారు. తెలుగు బృందాలను వెంటబెట్టుకుని ఈ దారిలో తిరగడం నా వృత్తి. బయలుదేరే ముందు వాట్సాప్ గ్రూపుల్లోనూ, దారిలో బస్సులోనూ నాకు వినిపించే అభిప్రాయాల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పులు. వాటిని ముందే సరిచేసుకుని వెళ్తే ఆ రోజు కళ్ళ ముందుకు వచ్చేది మరింత అర్థమవుతుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

అపోహ: మధ్యాహ్నం పన్నెండింటికి మందిరంలో జరిగేది పర్యాటకుల కోసం ఏర్పాటు చేసిన ప్రదర్శన.

వాస్తవం: అది నిత్యపూజ. ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 6కు, అర్ధరాత్రి 12కు, చూసేవారు ఉన్నా లేకపోయినా రోజుకు నాలుగుసార్లు అది జరుగుతుంది. నగరం నుంచి వచ్చే బస్సులకు మధ్యాహ్నపు పూజ ఒక్కటే వీలైన సమయం కాబట్టి మనం దాన్నే చూస్తాం. సామాన్య భక్తులు తెల్లని దుస్తుల్లో వరుసలు కడతారు. పసుపు, నీలం, ఎరుపు అంగీలు ధరించినవారు మతాధికారులు. ఆ రంగులు వరుసగా బౌద్ధ, తావో, కన్ఫ్యూషియస్ శాఖలను సూచిస్తాయి. స్త్రీలు ఎడమవైపు నుంచి, పురుషులు కుడివైపు నుంచి లోపలికి వస్తారు. సందర్శకులు చెప్పులు విడిచి, భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని, పై అంతస్తు వసారాలో నిలబడి చూడాలి. పూజ సాగుతుండగా సెల్ఫీ కోసం పూజాపీఠం వైపు వీపు తిప్పి నిలబడటం అక్కడివారిని నిజంగా బాధపెడుతుంది. మన గుడిలో హారతి వేళ ఎవరైనా అలా చేస్తే మనకెలా ఉంటుందో ఆలోచిస్తే చాలు, ఈ విషయం మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాదు.

అపోహ: కావ్ దాయ్ అంటే నాలుగు మతాల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి అతికించిన వింత మతం; అక్కడ ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగోను దేవుడిగా కొలుస్తారు.

వాస్తవం: పూజాపీఠం మీద ఉండేది ఒక పెద్ద గోళం, దాని మీద చిత్రించిన ఎడమ కన్ను. ఆ దైవనేత్రమే ఆరాధనకు కేంద్రం. హ్యూగో కనిపించేది ప్రవేశమండపంలోని కుడ్యచిత్రంలో. ఆయన పక్కన చైనా నాయకుడు సన్ యట్‌సేన్, 16వ శతాబ్దపు వియత్నామీ కవి న్గుయెన్ బిన్ ఖియెమ్ ఉంటారు. దైవానికీ మానవాళికీ మధ్య కుదిరిన ఒప్పందాన్ని ఈ ముగ్గురూ రాస్తున్నట్టు ఆ చిత్రం చూపుతుంది. వారిని మహాత్ములుగా గౌరవిస్తారు తప్ప పరమదైవంగా పూజించరు.

ఈ మతం పుట్టిన పరిస్థితులు తెలిస్తే 'అతుకుల మతం' అన్న మాట మన నోటికి రాదు. ఫ్రెంచి పాలనలో ఉన్న దక్షిణ వియత్నాంలో, ఆ ప్రభుత్వంలోనే ఉద్యోగాలు చేస్తూ, ఫ్రెంచి చదువూ తమ పూర్వికుల ఆచారాలూ రెండూ ఎరిగిన ఒక తరం దీన్ని నిర్మించింది. ఫు క్వోక్ ద్వీపంలో పరిపాలనాధికారిగా ఉన్న న్గో వాన్ చియుకు మొదట దైవనేత్ర దర్శనం కలిగిందని వారి విశ్వాసం. 1925లో సైగాన్‌లో (ఇప్పటి హో చి మిన్ నగరం) కస్టమ్స్ గుమాస్తా ఫామ్ కోంగ్ తాక్, అతని మిత్రులు ఆత్మలతో సంభాషించే గోష్ఠులు జరిపారు. వలస పాలనామండలిలో సభ్యుడిగా పనిచేసిన లె వాన్ త్రుంగ్ వారితో కలిశాడు. 1926 నవంబరులో తాయ్ నిన్‌లో ఈ మతాన్ని బహిరంగంగా ప్రకటించారు. దేవుడు మానవాళిని ఉద్ధరించడానికి పూనుకున్న మూడో యుగం ఇది అన్నది వారి సిద్ధాంతం. కాబట్టి బుద్ధుడు, లావోజు, కన్ఫ్యూషియస్, క్రీస్తు పూర్వయుగాల గురువులుగా వారి లెక్కలోకి సహజంగానే వస్తారు. అధికార వ్యవస్థకు క్యాథలిక్ చర్చి పద్ధతి కొంత ఆధారం. స్త్రీలు కార్డినల్ అనే ఉన్నత మతాధికారి స్థాయి వరకు ఎదగవచ్చు. 1930లలో మొదలైన మందిర నిర్మాణం 1947కు పూర్తయి, 1955లో లాంఛనంగా ప్రారంభమైంది.

అపోహ: గుడికీ సొరంగాలకూ ఏ సంబంధమూ లేదు, ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి టూరు కంపెనీలు కలిపి అమ్ముతున్నాయి.

వాస్తవం: ఈ యాత్రలో అత్యంత విలువైన విషయాన్ని మన చేత వదిలేయించేది ఈ అపోహే. రెండు చోట్ల చరిత్రా ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంది.

కావ్ దాయ్ మతానికి ఒకప్పుడు సొంత సైన్యం ఉండేది. పెరుగుతున్న భక్తసంఖ్యను అనుమానంతో చూసిన ఫ్రెంచి ప్రభుత్వం 1941లో ఫామ్ కోంగ్ తాక్‌ను నిర్బంధించి మడగాస్కర్‌కు పంపింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ సేనలు కావ్ దాయ్ వారిని చేరదీశాయి; సాయుధ దళాలు అప్పుడే రూపుకట్టాయి. జపాన్ ఓడిపోయాక కమ్యూనిస్టుల నాయకత్వంలో ఫ్రెంచివారితో పోరాడిన వియత్ మిన్ సంస్థకూ, కావ్ దాయ్ వర్గానికీ మధ్య పోరు ముదిరింది. ఫామ్ కోంగ్ తాక్ 1946లో తిరిగి రావడంతో కావ్ దాయ్ పెద్దలు ఫ్రెంచివారితో ఒప్పందానికి వచ్చి, వారి ఆయుధాలతో తాయ్ నిన్ ప్రాంతాన్ని తమ అదుపులో ఉంచుకున్నారు. సరిగ్గా ఆ 1940ల చివరి సంవత్సరాల్లోనే, పక్కనున్న కూ చీలో వియత్ మిన్ వారు మొదటి సొరంగాలు తవ్వసాగారు. అంటే మందిరం, సొరంగాలు ఒకే అంతర్యుద్ధంలో ఎదురెదురు పక్షాలు నిలబడిన చోట్లు.

ఆ తర్వాత కథ ఇంకా చిక్కుపడుతుంది. దేశం ఉత్తర, దక్షిణ భాగాలుగా విడిపోయాక, 1955లో దక్షిణ వియత్నాం నాయకుడు న్గో దిన్ జియెమ్ కావ్ దాయ్ సైన్యాన్ని జాతీయ సైన్యంలో కలిపేశాడు. మరుసటి ఏడాది ఫామ్ కోంగ్ తాక్ కంబోడియాకు వెళ్ళిపోయి, 1959లో అక్కడే మరణించాడు. ఆయన అవశేషాలు తాయ్ నిన్‌కు చేరింది 2006లో. 1975 తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం మత వ్యవస్థ మీద కఠినమైన ఆంక్షలు పెట్టి, ఆస్తులు స్వాధీనం చేసుకుని, 1997లో గానీ తాయ్ నిన్ సంస్థకు గుర్తింపు ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం మీరు చూసే వృద్ధ భక్తుల్లో ఈ దశలన్నిటినీ దాటి వచ్చినవారు ఉంటారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే పూజ మరోలా కనిపిస్తుంది.

ఈ రెండు చోట్లను కలిపే రోడ్డు మీద త్రాంగ్ బాంగ్ అనే ఊరు వస్తుంది. ఒంటి మీద బట్టలు కాలిపోయి, ఏడుస్తూ రోడ్డు మీద పరుగెత్తే తొమ్మిదేళ్ళ పిల్ల ఫోటోను మనలో చూడనివారు అరుదు. ఆ పిల్ల కిమ్ ఫుక్; ఆ రోడ్డు ఇదే; ఆ తేదీ 1972 జూన్ 8. ఆమె కుటుంబం కావ్ దాయ్ భక్తులు. పోరాటం ఊళ్ళోకి వచ్చినప్పుడు వారు తలదాచుకున్నది అక్కడి కావ్ దాయ్ ఆలయంలో. ఆ ఫోటో విషయంలోనూ ఒక అపోహ ఉంది: నాపామ్ (ఒంటికి అంటుకుని మండే బాంబు) వేసింది అమెరికా విమానమని దాదాపు అందరూ అనుకుంటారు. వేసింది దక్షిణ వియత్నాం వైమానిక దళానికి చెందిన విమానం. అది అమెరికా తయారీ విమానమే, యుద్ధాన్ని నడిపించిన బలమూ అమెరికాదే, కానీ ఆ రోజు తమ దేశపు పైలట్ వేసిన బాంబు తమ దేశపు పౌరుల మీదే, తమ సైనికులున్న చోటే పడింది. చాలా బస్సులు త్రాంగ్ బాంగ్‌లో ఆగకుండానే వెళ్ళిపోతాయి. ఆ ఆలయం ముందు పది నిమిషాలైనా ఆపమని గైడును ముందుగానే అడగండి. నా బృందాలను నేను తప్పకుండా ఆపుతాను. గుడినీ సొరంగాలనూ కలిపి అర్థం చేసుకోవడానికి అంతకు మించిన చోటు ఈ దారిలో లేదు.

అపోహ: సొరంగాలన్నీ అమెరికా యుద్ధకాలంలో తవ్వినవి, మనం దూరి వెళ్ళేది అచ్చంగా ఆనాటి సొరంగమే.

వాస్తవం: మొదటి సొరంగాలు ఫ్రెంచివారికి వ్యతిరేకంగా తవ్వినవని పైన చెప్పాను. ఊరికీ ఊరికీ మధ్య కబురు చేరవేయడానికీ, దాక్కోవడానికీ తవ్విన చిన్న గుంతలు 1960లలో ఒకదానితో ఒకటి కలిసి, దాదాపు 250 కిలోమీటర్ల అల్లికగా విస్తరించాయి. గునపాలు, పారలు, వెదురు బుట్టలే పనిముట్లు. ఇక్కడి బంకమన్ను తడిసినప్పుడు తవ్వకానికి లొంగుతుంది, ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది. ఆధారాలు లేకుండా సొరంగాలు నిలబడటానికి అదే కారణం. తవ్విన మట్టి గాలిలోంచి కనిపిస్తే ప్రమాదం కాబట్టి దాన్ని బాంబు గుంతల్లో, పొలాల్లో, నదిలో కలిపేసేవారు. గాలి రంధ్రాలను చెదపుట్టల్లో దాచేవారు. వంటపొగను పొడవైన కాలువల గుండా పంపి, చల్లబరిచి, నేలను అంటిపెట్టుకుని పలచగా బయటికి వచ్చేలా చేసే పొయ్యి ఒకటి అక్కడ చూపిస్తారు. దాన్ని ఫ్రెంచి యుద్ధకాలంలో రూపొందించిన సైనిక వంటవాడు హోవాంగ్ కామ్ పేరుతోనే ఆ పొయ్యిని ఇప్పటికీ పిలుస్తారు.

పర్యాటకులు దూరే భాగాలను మనుషులు పట్టేలా వెడల్పు చేశారు, దీపాలు పెట్టారు. అయినా అందులో నడుము వంచుకుని, కొన్నిచోట్ల మోకాళ్ళ మీద వెళ్ళాలి. అసలు కొలతలు ఎలా ఉండేవో తెలియాలంటే, ఆకులతో కప్పిన చిన్న మూతద్వారంలోకి అక్కడి సిబ్బంది దిగి చూపించేటప్పుడు గమనించండి.

ఇవి ఓటమి ఎరగని పాతాళకోటలన్న మాట కూడా సరి కాదు. 1966 జనవరిలో అమెరికా, ఆస్ట్రేలియా సేనలు జరిపిన దాడిలో ఆస్ట్రేలియా ఇంజనీర్లు లోపలికి దిగి వీటి విస్తృతిని మొదటిసారి అర్థం చేసుకున్నారు. 1967 జనవరిలో పక్కనే ఉన్న బెన్ సుక్ గ్రామాన్ని ఖాళీ చేయించి, మొత్తం నేలమట్టం చేశారు. 1968లో వియత్నామీ కొత్త సంవత్సరం (టెట్) వేళ కమ్యూనిస్టులు జరిపిన దాడుల తర్వాత గెరిల్లాల నష్టం భయంకరంగా పెరిగింది. ఆ పైన బి-52 విమానాల బాంబులు సొరంగాల్లో చాలా భాగాన్ని కూల్చేశాయి. లోపల బతికినవారికి మలేరియా, పేగుల్లో పురుగులు, ఆకలి నిత్యశత్రువులు. ఆ మనుషుల ఓర్పును గౌరవించాలంటే వారు ఎంత కోల్పోయారో కూడా తెలియాలి.

అపోహ: కూ చీ అంటే ఒకటే చోటు.

వాస్తవం: సందర్శన స్థలాలు రెండు. నగరానికి దగ్గరగా ఉండే బెన్ దిన్‌కు ఎక్కువ బస్సులు వెళ్తాయి. ఇంకా కొంత దూరంలో ఉన్న బెన్ యువోక్ విశాలమైనది. 1995లో ప్రారంభమైన అక్కడి స్మారక ఆలయంలో, సైగాన్ ప్రాంతపు పోరాటాల్లో చనిపోయిన 44 వేల మందికి పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. తాయ్ నిన్ నుంచి తిరిగి వచ్చేవారికి నా సలహా బెన్ యువోక్. బుకింగ్ సమయంలోనే ఆ పేరు రాయించుకోండి.

అక్కడి తుపాకీ కాల్పుల మైదానం గురించి ఒక మాట. డబ్బు కట్టి ఏకే-47 పేల్చవచ్చు. మన పిల్లలు సరదా పడతారు. వేలమంది చనిపోయిన నేల మీద అది తగదని నా అభిప్రాయం. నా బృందాల కార్యక్రమంలో దాన్ని చేర్చను, అడిగినవారికి కారణం వివరిస్తాను.

అపోహ: గైడు చెప్పేదంతా ప్రభుత్వ ప్రచారం, వినక్కర్లేదు, కావలసింది మన టూరు మేనేజరే తెలుగులో చెప్తాడు.

వాస్తవం: 2017 నాటి పర్యాటక చట్టం ప్రకారం వియత్నాంలో గైడుగా పనిచేయడానికి ఆ దేశపు పౌరసత్వం, ప్రభుత్వం ఇచ్చిన కార్డు రెండూ ఉండాలి. నాలాంటి వారు అనువాదం చేయగలరు, బృందాన్ని చూసుకోగలరు. గైడు స్థానం తీసుకోకూడదు, తీసుకోవడం మంచిదీ కాదు.

కూ చీలో చూపించే పాత చిత్రం, బోర్డుల మీది వాక్యాలు గెలిచినవారి చరిత్రే చెప్తాయన్నది నిజం. బెన్ యువోక్ గోడల మీద దక్షిణ వియత్నాం సైనికుల పేర్లు ఉండవు. బియెన్ హోవాలోని వారి శ్మశానవాటిక చాలాకాలం ఆదరణకు నోచుకోలేదు. హో చి మిన్ నగరంలోని యుద్ధ అవశేషాల మ్యూజియం 1975లో తెరిచినప్పుడు అమెరికా, దాని 'కీలుబొమ్మల' నేరాల ప్రదర్శనశాల అన్న పేరుతో ఉండేది. 1995లో ఇప్పటి పేరు వచ్చింది. అయితే గైడు కూడా ఒక కుటుంబంలో పుట్టిన మనిషి. అన్న ఒక పక్షాన, తమ్ముడు ఇంకో పక్షాన పోరాడిన ఇళ్ళు ఈ దక్షిణ ప్రాంతంలో చాలా ఉన్నాయి. 'ఎవరు తప్పు, ఎవరు ఒప్పు' అని గుంపులో నిలదీస్తే అతను బోర్డు మీదున్నదే వల్లిస్తాడు. భోజనం దగ్గర, పక్కన కూర్చుని, 'ఆ రోజుల్లో మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడ ఉండేవారండీ' అని మర్యాదగా అడిగి చూడండి. చెప్పాలనిపిస్తే చెప్తాడు, చెప్పకపోతే అక్కడితో ఆపేయాలి.

అపోహ: శాకాహారులకు ఆ రోజంతా పస్తే.

వాస్తవం: దక్షిణ వియత్నాంలో శాకాహారానికి తాయ్ నిన్ మంచి చోటు. కావ్ దాయ్ భక్తులు నెలలో కొన్ని రోజులు తప్పనిసరిగా, ఉన్నత మతాధికారులు జీవితాంతం, మాంసం చేపలు ముట్టరు; అందుకే మందిరం చుట్టుపక్కల 'చాయ్' (వియత్నామీలో శాకాహారం) అని బోర్డు పెట్టిన శాకాహార భోజనశాలలు ఉంటాయి. ఇతర హోటళ్ళలో మాత్రం కూరల్లో చేపల సాస్ పడుతుంది కాబట్టి గైడు చేత చెప్పించండి. కూ చీలో ఉడికించిన కర్రపెండలం, వేరుశనగ ఉప్పుపొడి పెడతారు. సామర్లకోట, పెద్దాపురం వైపువారికి ఆ దుంపను పరిచయం చేయనక్కర్లేదు.

అపోహ: పూటలో రెండూ చూసి రావచ్చు, పెద్దవాళ్ళకు ఇది కుదరదు.

వాస్తవం: హో చి మిన్ నగరం నుంచి తాయ్ నిన్ దాదాపు వంద కిలోమీటర్ల దూరం, రెండు నుంచి రెండున్నర గంటల ప్రయాణం. ఉదయం ఏడు గంటలకల్లా బయలుదేరితే పూజ వేళకు తీరికగా చేరి, మధ్యాహ్నం కూ చీ చూసుకుని, చీకటి పడే వేళకు తిరిగి రావచ్చు. పెద్దవాళ్ళు నిశ్చింతగా రావచ్చు. సొరంగంలో దూరడం ఐచ్ఛికం, మధ్యలో బయటికి వచ్చే దారులున్నాయి. ఉబ్బసం, గుండెజబ్బు, ఇరుకు చోట్ల భయం ఉన్నవారు పైనే ఉండి మిగతావన్నీ చూడవచ్చు. 986 మీటర్ల బా దెన్ కొండ కూడా తాయ్ నిన్‌లోనే ఉంది, పైకి కేబుల్ కారు ఉంది. దాన్ని కూడా అదే రోజులో ఇరికించి అమ్మే ప్యాకేజీ తీసుకుంటే కోత పడేది పూజకో, సొరంగాలకో. కొండకు వేరే రోజు పెట్టుకోండి.