ఫైనాన్స్ నుంచి ప్రోగ్రామింగ్‌కు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫైనాన్స్ విభాగంలో కొన్నేళ్లు లెక్కలు చూసి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా మారినవాణ్ణి నేను. ఇదే దారిలో రావాలనుకునేవారిని వెనక్కి లాగే అపోహలు తరచూ నా చెవిన పడుతుంటాయి. వాటిలో ముఖ్యమైనవాటిని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: అకౌంటింగ్‌లో గడిపిన ఏళ్లన్నీ వృథా అవుతాయి.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. కంప్యూటర్ దశాంశ భిన్నాలను సాధారణంగా ద్విసంఖ్యామానంలో (0, 1 అంకెలతోనే) దాస్తుంది, 0.1 వంటివి అందులో కచ్చితంగా ఇమడవు కాబట్టి, చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఈ తేడా లెక్కలోకి రాదని అనుకునేవారు ఉంటారు కానీ, ఖాతాలు ముగించే రోజున చివరి అంకె కలవక రాత్రి దాకా కూర్చున్నవారు అలా అనుకోలేరు. 1982లో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1000 పాయింట్లతో ఒక సూచీని ప్రారంభించింది. లెక్కించిన ప్రతిసారీ మూడో దశాంశ స్థానం తర్వాతి అంకెలను సవరించకుండా కత్తిరించివేయడం వల్ల, 1983 నవంబరు నాటికి ఆ సూచీ 524.811 దగ్గర కనిపించింది; సరిచేసి చూస్తే అసలు విలువ 1098.892. అందుకే డబ్బును దశాంశాలకు ప్రత్యేకించిన డేటా రకంలోనో, అతి చిన్న ప్రమాణంలోకి (రూపాయలైతే పైసల్లోకి) మార్చి పూర్ణాంకంగానో భద్రపరుస్తారు.

తప్పు పడిన పద్దును చెరిపివేయకుండా రివర్సల్ ఎంట్రీతో (దాన్ని రద్దుచేసే వ్యతిరేక పద్దుతో) సరిచేయాలన్న నియమం కూడా ఇలాగే కలిసివస్తుంది. డబ్బు లావాదేవీలను నమోదు చేసే సిస్టమ్‌లను జాగ్రత్తగా రాసేవారు పాత వరుసను దిద్దరు, కొత్త వరుసను చేరుస్తారు. దీని వెనుక ఉన్న కారణాన్ని మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అపోహ: ఎక్సెల్ బాగా వచ్చినవారికి ప్రోగ్రామింగ్ వచ్చినట్లే.

వాస్తవం: సగం నిజం. ఫార్ములా రాయడం ప్రోగ్రామింగ్ ఆలోచనే; వరుసలను గుంపులుగా చేసి మొత్తాలు చూపే పివట్ టేబుల్ పనికీ, డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లోని గ్రూప్ బై చేసే పనికీ దగ్గరి పోలిక ఉంది. అయితే ఆ పోలికే ఒక్కోసారి ముంచుతుంది. నేను తొలినాళ్లలో ఎస్‌క్యూఎల్‌లో రాసిన ఒక రిపోర్టులో ఇన్వాయిస్‌ల మొత్తం లెడ్జర్‌లో ఉన్నదానికన్నా ఎక్కువ వచ్చింది. ఒక విలువను మరో పట్టికలో వెతికి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా వీలుకప్ మొదట దొరికిన వరుసతో ఆగిపోతుంది. ఎస్‌క్యూఎల్‌లో రెండు పట్టికలను కలిపే జాయిన్ మాత్రం సరిపోలిన ప్రతి వరుసనూ తెస్తుంది. కస్టమర్ల పట్టికలో ఒకే కోడ్ రెండుసార్లు ఉండడంతో, ఆ కస్టమర్ ఇన్వాయిస్‌లన్నీ రెండేసి సార్లు లెక్కకు వచ్చాయి. క్వెరీ ఏ ఎర్రరూ చూపలేదు. రిపోర్టు పంపేముందు మొత్తాన్ని లెడ్జర్‌తో సరిచూసే పాత అలవాటు వల్లనే అది బయటపడింది.

అపోహ: గణితంలో ఉద్దండులై ఉండాలి.

వాస్తవం: మెషిన్ లెర్నింగ్, గ్రాఫిక్స్ వంటి కొన్ని రంగాలకు తప్ప అవసరం లేదు.

అపోహ: ఒక భాష నేర్చుకుంటే ఉద్యోగానికి సిద్ధమైనట్లే.

వాస్తవం: భాష కొన్ని నెలల్లో వస్తుంది. ఇతరులు రాసిన వేల వరుసల కోడ్‌ను ఓపికగా చదవడం, చేసిన ప్రతి మార్పునూ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనంలో) అర్థమయ్యే వివరణతో నమోదు చేయడం, టెస్టులు రాయడం అంత త్వరగా పట్టుబడవు. పైగా అనుభవజ్ఞులుగా ఉన్న చోటు వదిలి, మనకన్నా వయసులో చిన్నవారి దగ్గర మన కోడ్‌ను రివ్యూ చేయించుకోవాలి. జీతం కొంతకాలం తగ్గవచ్చు కూడా. దీనికి ముందే మనసును సిద్ధం చేసుకోవడం మంచిది.

మొదటి ప్రాజెక్టుగా బ్యాంకు రీకన్సిలియేషన్ (మన ఖాతా పద్దులను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసే) ప్రోగ్రామ్ రాయమని నేను సలహా ఇస్తాను. తేదీ, మొత్తం రెండూ కలిస్తే జత చేయమని రాయడం తేలికే. ఒకే రోజు ఒకే మొత్తంతో రెండు చెల్లింపులు ఉన్నప్పుడు, మూడు చెక్కులు కలిసి స్టేట్‌మెంట్‌లో ఒకే జమగా వచ్చినప్పుడు ఏది దేనికి జత చేయాలో కోడ్‌లో చెప్పవలసి వచ్చేసరికి, ఇన్నాళ్లూ కంటితో చూసి తేల్చేసిన నియమాలను మొదటిసారి మాటల్లో పెట్టవలసి వస్తుంది.